ఎర్ర సిరా సారు

పోయిన నెల ఒక పొద్దున మా చిన్నోడి బడికి గొడవ పెట్టుకోవడానికే వెళ్ళాను. వాడిది ఆరో తరగతి. తెలుగు మేడమ్ ఒకే పాఠాన్ని మూడుసార్లు రాయించిందట. మూడోసారి రాస్తూ రాస్తూ రాత్రి పదకొండింటికి కాపీ మీదే తల వాల్చి పడుకున్నాడు. మా బేగం చూసి "బచ్చే పే ఇత్తా జుల్మ్ కైకూ?" అంది. నాకూ గుస్సా వచ్చింది. అంత ఫీజు కట్టేది పిల్లాడికి నిద్ర లేకుండా చెయ్యడానికా అనుకుంటూ బయల్దేరాను.

మేడమ్ నాతో వాదించలేదు. వాడి కాపీ తెరిచి నా ముందు పెట్టింది. "కళ్ళు" అని ఉండాల్సిన ప్రతిచోటా "కల్లు" అని ఉంది. ఒక వాక్యంలో ఎవరో అమ్మాయి కల్లు పెద్దవి, ఇంకో వాక్యంలో ముసలాయన కల్లు మసకబారాయి. తౌబా! తాతల నాటి నుంచి మా ఇంట్లో గడప దాటి రాని వస్తువు మావాడి కాపీలో పేజీకి రెండేసి చొప్పున ఉంది.

నవ్వొచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది. సరిగ్గా ఈ గల్తీనే ఏటూరునాగారంలో, ఏడో తరగతిలో నేనూ చేశాను. అప్పుడు కూడా ఒకాయన నాతో మళ్ళీ మళ్ళీ రాయించాడు. అప్పుడు కూడా మా ఇంట్లో జుల్మ్ అనే మాటే వాడారు.

మన ఉర్దూ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకు ళ, ణ రెండూ పరాయి అక్షరాలు. మన జుబాన్‌లో అవి లేవు. "పళ్ళు" అంటే మన నోటికి "పల్లు" వస్తుంది, "ప్రాణం" కాస్తా "ప్రానం" అవుతుంది. తెలుగు దోస్తులు నవ్వుతారు, మనమూ నవ్వేసి ఊరుకుంటాం. కొన్నాళ్ళకు "తురకోళ్ళ తెలుగు ఇంతే" అని వాళ్ళు అంటారు, మనమూ ఒప్పేసుకుంటాం. మా సారు ఒప్పుకోలేదు. నేను చెప్పాలనుకున్న సంగతి అసలు ఇదే.

అప్పుడు మా ఊరు వరంగల్ జిల్లాలో ఉండేది, 2019 నుంచి ములుగు జిల్లా. ఒకపక్క గోదావరి, మిగతా పక్కలన్నీ అడవి. మా క్లాసులో తెలుగు పిల్లలతోపాటు గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కోయ పిల్లలు, తండాల పిల్లలు, మా బస్టాండు పక్క గల్లీ పిల్లలం ఉండేవాళ్ళం. ఇంటికెళ్తే సగం క్లాసు వేరే భాష మాట్లాడేది. ఇలాంటి చోటికి బదిలీ మీద వచ్చిన సార్లు చాలామంది తిరిగిపోయే బస్సు కోసమే ఎదురుచూసేవారు. పిల్లలు తప్పులు రాస్తే "ఏజెన్సీ పిల్లలు, ఇంతకన్నా ఏం వస్తది" అని పైన టిక్కు పెట్టేసేవారు. అది మాకు మంచితనంలా కనపడేది. వాళ్ళ క్లాసులో హాయిగా ఉండేది, అబద్ధం చెప్పను.

తెలుగు సారు టిక్కు పెట్టేవాడు కాదు. ప్రతి కాపీలో ప్రతి వాక్యం చదివేవాడు. తప్పు దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాడు, సరైన మాట మాత్రం రాసేవాడు కాదు. అది మేమే వెతుక్కోవాలి. ఎర్ర సిరా సారు అని ఆయనకు మేం పెట్టిన పేరు. నవ్వడం మేం పెద్దగా చూడలేదు. ఆయన క్లాసు ఉందంటే నాకు పొద్దున్నే పొట్టలో తిప్పేది.

ఆయన సంచీలో ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. అందులో మా ఇళ్ళల్లో వాడే మాటలు రాసుకునేవాడు. కోయ పిల్లల్ని అడిగి కోయ మాటలు, నన్నడిగి ఉర్దూ మాటలు. పిల్లాడు తప్పు ఎక్కడినుంచి తెస్తున్నాడో తెలుసుకోవడానికని తర్వాత అర్థమైంది. ఒకసారి నేను "మేగం" అని రాస్తే నిలబెట్టి అడిగాడు: "ఇంట్ల ఘర్ అంటవా, గర్ అంటవా?" ఘర్ అంటాను సార్ అన్నాను. "మరి ఇంట్ల ఉన్న ఘ బడికి వచ్చేసరికి యాడ పోయింది?" క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం మొదటిసారి మా ఇంటి జుబాన్ తెలుగుకు అడ్డం కాదనిపించింది. ఒత్తు అక్షరాల్లో నేనే మిగతావాళ్ళకన్నా ముందున్నాను, ఆ సంగతి నాకు తెలీదు, ఆయనకు తెలుసు.

ఇంకోసారి, ళ దగ్గర నేను మొండికేసినప్పుడు, దాశరథి మాట ఎత్తాడు. దాశరథి కృష్ణమాచార్య పుట్టింది చిన్నగూడూరు, అప్పటి మన వరంగల్ జిల్లానే. "ఆయన గాలిబ్‌ను తెలుగులకు తెచ్చిండు. ఉర్దూ ఆయన అమ్మ నేర్పిన భాష కాదు. నువ్వు ఒక్క అక్షరానికే ఏడుస్తున్నవా?" అన్నాడు. గాలిబ్ గీతాలు పుస్తకం నేను చూసింది చాలా ఏళ్ళ తర్వాత. అట్ట మీద పేరు చూడగానే మొదట గుర్తొచ్చింది సారు గొంతే.

1986 ఆగస్టు వరద గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది, ఇప్పటికీ అదే రికార్డు. ఆ రోజుల్లోనే బక్రీద్ కూడా వచ్చింది. మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. బియ్యం డబ్బా, దాదీ జానమాజ్, అబ్బా సైకిల్ దుకాణం సామాను పైకెక్కించడంలో నా పుస్తకాల సంచీ ఎవరికీ యాదికి రాలేదు. నీళ్ళు తీశాక దొరికింది. తెలుగు కాపీలో సిరా మొత్తం కలిసిపోయి నీలం మరక మిగిలింది.

నేను లోపల కొంచెం ఖుష్ అయ్యాను. వరద వచ్చింది కదా, ఎవరేం అంటారు? బడి తెరిచాక మిగతా సార్లంతా అయ్యో అన్నారు. తెలుగు సారు కూడా అయ్యో అన్నాడు. ఇల్లు ఎట్లుంది, దాదీ ఎట్లుంది అని అడిగాడు. అంతా విని, ఒక కొత్త కాపీ నా చేతిలో పెట్టి, "జూన్ నుంచి రాయాలె" అన్నాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మీ తిట్టింది, నన్ను కాదు, ఆయన్ని. అబ్బా మాత్రం మరునాడు బడికొచ్చి, ఆ రోజుల రివాజు ప్రకారం "చమ్డీ ఆప్కీ, హడ్డీ హమారీ" అన్నాడు. పిల్లాడి తోలు మీది, బొక్కలు మాకు మిగిలిస్తే చాలు అని. సారు దానికి చెప్పిన జవాబు అబ్బా బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు: "నాకు తోలు అక్కర్లేదు సాబ్. రోజూ అస్ర్ తర్వాత పిల్లగాన్ని ఒక గంట పంపుండ్రి."

దాదాపు నెలన్నర వెళ్ళాను. ఆయన అద్దెకుండే గది అరుగు మీద కూర్చుని నేను రాసేవాణ్ణి, ఆయన పక్కనే కూర్చుని మిగతా పిల్లల కాపీలు దిద్దేవాడు. కరెంటు ఉండేది కాదు, కందిలి పెట్టేవాడు. మగ్రిబ్ అజాన్ వినపడగానే నా చేతిలోంచి కలం తీసుకుని "పో, పిలుస్తున్నరు" అనేవాడు. వాక్యం మధ్యలో ఉన్నా సరే. ఆ గంటకు ఆయనకు జీతం లేదు, ట్యూషన్ ఫీజు లేదు. అప్పుడు నా కష్టం ఒక్కటే నాకు కనపడేది. పక్కన కూర్చున్న మనిషి సాయంత్రాలు కూడా పోతున్నాయని నలభై దాటాక గానీ తట్టలేదు.

ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనకు ఖత్ రాశాను. దువాలతో జవాబు వచ్చింది. దాంతోపాటు నా ఖత్ కూడా తిరిగొచ్చింది, రెండు చోట్ల ఎర్ర సున్నాలతో.

ఇంతవరకూ చదివి కొందరు పెద్దలు "అదీ! ఆ కాలంలో కర్ర ఉండేది కాబట్టి పిల్లలు బాగుపడ్డారు" అంటారని తెలుసు. ప్రతి సెప్టెంబర్ 5న మన వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట తిరుగుతుంది. నేను దానితో కలవను. సారు నన్ను ఒక్కసారి కొట్టాడు, పక్కవాడి కాపీ చూసి రాసినందుకు. ఆ దెబ్బ నుంచి నేను నేర్చుకున్నది ఇంకాస్త జాగ్రత్తగా చూసి రాయడమే. ళ నేర్చుకున్నది మాత్రం ఆ అరుగు మీద.

కర్ర సంగతి మా ఖాలా కొడుకును అడగాలి. వాడు వేరే ఊళ్ళో చదివాడు, ఊరి పేరు అనవసరం. ఎక్కం తప్పు చెప్పినందుకు ఒక ఉస్తాద్ వాడి వేళ్ళ మీద స్కేలు నిలువుగా పెట్టి కొట్టాడు. మరునాడు వాడు బడికని బయల్దేరి మెకానిక్ షెడ్డుకు పోయాడు. ఆ తర్వాత మళ్ళీ బడి మెట్టెక్కలేదు. బంగారం లాంటి పనితనం వాడిది, మాషా అల్లాహ్, ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్తాడు. కానీ బ్యాంకు కాగితం వస్తే ఇప్పటికీ నాకే ఫోటో తీసి పంపుతాడు. కర్ర తిని బాగుపడ్డామని చెప్పుకునే గ్రూపులో వాడి మాట వినపడదు, ఎందుకంటే వాడు మెసేజీ చదవలేడు.

మన పెద్దలు సాదీని కూడా సాక్ష్యానికి తెస్తారు. 1258 నాటి గులిస్తాన్‌లో, తర్బియత్ గురించిన ఏడో బాబ్‌లో ఒక హికాయత్ ఉంది. మగ్రిబ్ దేశంలో కటువైన ఉస్తాద్ ఒకడుంటాడు, పిల్లలు నోరెత్తడానికి భయపడతారు. జనం అతన్ని తీసేసి ఒక మెత్తటి మనిషిని పెడతారు. పిల్లలు చదువు మానేసి పలకలు ఒకరి తలమీద ఒకరు పగలగొట్టుకుంటారు. రెండు వారాలకు పాత ఉస్తాద్‌నే బతిమాలి తెచ్చుకుంటారు. ఆ ఉస్తాద్ పిల్లల్ని కొట్టేవాడన్నది హికాయత్‌లోనే ఉంది, దాచను. కానీ అందులో ఉన్నవాళ్ళు ఇద్దరే, ఒకడు కొట్టి చదివించేవాడు, ఇంకొకడు కొట్టకుండా చదువే వదిలేసేవాడు. కొట్టకుండా చదివించే మూడోవాడు సాదీ కథలోకి రాలేదు.

ఆ మూడోవాణ్ణి అడిగినవాడు ఇబ్నె ఖల్దూన్. 1377లో రాసిన ముఖద్దిమాలో దీనికోసం ఒక ఫసల్ మొత్తం పెట్టాడు, షాగిర్దుల మీద సఖ్తీ వాళ్ళకు నష్టం చేస్తుందని. దెబ్బల కింద పెరిగిన పిల్లాడిలో చురుకు చస్తుంది, భయంతో లోపల ఒకటి బయట ఒకటి చూపడం అలవాటవుతుంది, చివరికి మోసమే స్వభావమవుతుంది అంటాడు. పక్కవాడి కాపీ సంగతి చెప్పాను కదా, నా విషయంలో అక్షరాలా నిజం. అసలు మనకు ఇబ్నె ఖల్దూన్ దాకా కూడా అక్కర్లేదు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు ప్రవక్త (స) ఖిద్మత్‌లో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఉఫ్ అనిపించుకోలేదని ఆయనే చెప్పారు. ఈ హదీస్ మనం జల్సాల్లో వింటాం, ఇంటికొచ్చి పిల్లాడి చెవి మెలిపెడతాం.

మూడోవాడు ఎలా ఉంటాడంటే, అబ్దుల్ కలాం గారి ఆత్మకథలో మద్రాసు ఎంఐటీ ప్రొఫెసర్ శ్రీనివాసన్‌లా ఉంటాడు. విమానం డిజైన్ పని బాగా లేదని మొహం మీదే చెప్పాడు. కలాం నెల గడువు అడిగితే మూడు రోజులిచ్చాడు, అవకపోతే స్కాలర్‌షిప్ పోతుందన్నాడు. ఆ స్కాలర్‌షిప్ పోతే కలాం చదువు ఆగిపోయేదే. నాకు ఇష్టమైనది ఆ తర్వాతి సంగతి. ఆదివారం నాడు, పిల్లాడు రాత్రింబగళ్ళు గీస్తున్నచోటికి ఆయనే నడిచొచ్చి, వెనక నిలబడి చూశాడు.

ఇప్పుడు విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం రెండూ నిషేధం. 2010 నుంచి అమల్లో ఉంది. చాలా మంచి ఖానూన్, ఇంకా గట్టిగా అమలు కావాలి. అయితే కర్ర పోయేటప్పుడు ఎర్ర సిరాను కూడా వెంట తీసుకుపోయింది, అది ఖానూన్ చెప్పింది కాదు, మనం చేసింది. తప్పును తప్పు అంటే తల్లిదండ్రులు గొడవకొస్తారని టీచర్లకు భయం. నాలాంటివాళ్ళు నిజంగానే వెళ్తాం కూడా. దాంతో మన పిల్లలకు మళ్ళీ టిక్కులు దొరుకుతున్నాయి. డబ్బున్న ఇళ్ళల్లో ఆ లోటు ట్యూషన్‌తో పూడుతుంది. సైకిల్ దుకాణం వాళ్ళ పిల్లలకు, గూడెం నుంచి వచ్చిన పిల్లలకు బడిలో దొరకని అక్షరం ఇంకెక్కడా దొరకదు. "మీ తెలుగు ఇంతేలే" అని ప్రేమగా వదిలేసిన పిల్లాడు రేపు దరఖాస్తు రాయడానికి, ఇంటర్వ్యూలో నాలుగు మాటలు మాట్లాడడానికి వెనకాడతాడు. వాణ్ణి ఎవరూ కొట్టలేదు, నిజమే, కానీ ఎవరూ వాడి కాపీ పూర్తిగా చదవను కూడా లేదు.

సారు పోయి చాలా ఏళ్ళయింది. వరంగల్లో ఆఖరిసారి కలిసినప్పుడు చూపు తగ్గింది. నేను రాసిన వ్యాసం ఒకటి చదివి వినిపించమన్నాడు. వింటూ రెండుసార్లు ఆపాడు. ఒకచోట ళ సరిగ్గా పలకలేదట.

ఆ పొద్దున మేడమ్‌తో ఇవేవీ చెప్పలేదు. మాఫీ అడిగాను, రాత్రి పదకొండు దాకా కాకుండా రెండు రోజులకు పంచి రాయిస్తారా అని మాత్రం అడిగాను. సరే అంది. తర్వాత డ్రాయర్లోంచి ఇంకో కాపీ తీసింది, మావాడిదే, సాంఘిక శాస్త్రం. "ఇందులో కూడా చూడండి సార్, అబ్బాయి వేళ్ళన్నీ వేల్లు అని రాశాడు" అంది.