పదును చూసే చేతికి మూఢం దేనికి?

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. వచ్చింది కదా అని కల్హేర్ ప్రాంతపు రైతు విత్తనాల సంచి విప్పడు. రేగడి మట్టిని చేతిలోకి తీసుకుని పదును చూస్తాడు. నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తమని శాస్త్రవేత్తలూ చెబుతారు. కార్తె అతనికి అందాజా మాత్రమే. వాన వెనకబడితే తానూ ఆగుతాడు.

అలా ఆగడమే సరైన పని. కార్తెలు నక్షత్రాల లెక్క. భూమి అక్షం మెల్లగా దిశ మారుతున్నందువల్ల ఆ లెక్క సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున రుతువుల కంటే వెనకబడుతోంది. వెయ్యేళ్లకు రెండు వారాలు! సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణం జరుపుకునేది సంక్రాంతికి. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం 1955లోనే ఈ తేడాను ఎత్తిచూపింది.

మరి చేనులో ఇంత తెలివిగా ఉన్న మనిషి ఇంట్లో పెళ్లి అనేసరికి ఎందుకు మారిపోతాడు? పిల్లా పిల్లగాడూ ఒప్పుకున్నారు, చేతిలో పైసలున్నాయి. అయినా మూఢమని నెలల తరబడి ఆగుతారు. మూఢమంటే గురుడో శుక్రుడో సూర్యుడి దిక్కుకు చేరి, ఆ వెలుగులో మన కంటికి కనబడకపోవడం. శుక్రుడికైతే ప్రతి 584 రోజుల్లో రెండుసార్లు తప్పదు. దానికీ ఆలుమగల కాపురానికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు. మూఢం పోయాక అందరూ ఒకేసారి ముహూర్తాలు పెట్టుకుంటే ఫంక్షన్ హాలు నుంచి బ్యాండు దాకా ధరలు పెరుగుతాయి. అప్పు మాత్రం తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది.

పెళ్లి ఆలస్యమైతే పోయేది డబ్బు. కాన్పుకు కూడా ముహూర్తం చూడటమే నన్ను భయపెడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి. వాటికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటినీ ముహూర్తం మీద వేయడం న్యాయం కాదు. కానీ మంచి ఘడియ కోసం 39 వారాలు నిండకముందే కోత పెట్టిస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే ముప్పు పెరుగుతుంది. అవసరం లేని కోత గాయం తల్లి తర్వాతి కాన్పుకూ చిక్కులు తెస్తుంది.

అమ్మలారా, అయ్యలారా, బిడ్డ ఎప్పుడు పుట్టాలో పంచాంగాన్ని అడగకండి. తల్లి ఆరోగ్యం చూసి డాక్టరు చెప్పేది వినండి.