బోనెక్కిన పాపాలకు సాహిత్యంలో చోటేది?

క్రిస్మస్ నెల వస్తే ఇబ్రహీంపట్నం, కొండపల్లి చుట్టుపక్కల చర్చిల ముందు స్టార్లు వెలుగుతాయి, స్టేజీలు లేస్తాయి. అక్కడ సండే స్కూలు పిల్లలు అసూయ, అహంకారం వేషాలు కట్టి బోనెక్కితే మన సాహితీపరులు వేసే ముద్ర ఒక్కటే: మతప్రచారం. ఆ ముద్రతో ఈ పత్రికకు పేచీ ఉంది.

పాపాలను ముద్దాయిలుగా నిలబెట్టే కథనానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1620లలోనే ఇంగ్లండులో రిచర్డ్ బెర్నార్డ్ అనే పాస్టరు ‘ది ఐల్ ఆఫ్ మ్యాన్’లో పాపాన్ని పట్టించి విచారణ జరిపించాడు. ‘యాత్రికుని ప్రయాణం’తో తెలుగు క్రైస్తవుల ఇళ్లలోకి వచ్చిన జాన్ బన్యన్ 1682లో ‘ది హోలీ వార్’ రాశాడు. అనుమతి లేకుండా బోధించినందుకు పన్నెండేళ్లు జైల్లో మగ్గిన బన్యన్‌కు కోర్టు సంగతులు ఒకరు చెప్పనక్కర్లేదు.

‘ది హోలీ వార్’లో దొంగశాంతి అనే ముద్దాయి తన పేరు శాంతి అని బుకాయిస్తాడు. చిన్ననాటి ఆటల తోడొకడు సాక్షిగా వచ్చి, వీధిలో ఆడుకుంటుంటే వాళ్లమ్మ ఏ పేరుతో కేకేసి ఇంటికి పిలిచేదో చెప్పేస్తాడు. ముద్దాయి గుట్టు రట్టవుతుంది. మరో ముద్దాయి అవిశ్వాసం మాత్రం శిక్ష పడ్డాక జైలు నుంచి తప్పించుకుపోతుంది. ఉత్త ప్రచారకుడైతే దాన్నీ అక్కడే చంపేసి చేతులు దులుపుకునేవాడు.

ఇదేమన్నా మనకు కొత్తా? కృష్ణమిశ్రుడి సంస్కృత నాటకం ‘ప్రబోధచంద్రోదయం’లో కామం, క్రోధం, లోభం, దంభం పాత్రలే. పదిహేనో శతాబ్దంలో నంది మల్లయ, ఘంట సింగన దాన్ని తెలుగు కావ్యం చేశారు. సంస్కృత మూలంలో జైన, బౌద్ధ సన్యాసులు నవ్వులపాలవుతారు, విష్ణుభక్తి గెలుస్తుంది. అయినా దాన్ని ప్రచారమని ఎవరూ పక్కన పెట్టలేదు. పెట్టకూడదు కూడా. ఒకే పని అక్కడ తత్త్వమూ ఇక్కడ ప్రచారమూ ఎలా అవుతుంది? ఇది పక్షపాతం, ఇంకో పేరు లేదు.

చర్చి నాటికల్లో చాలావాటిలో సంభాషణ ప్రసంగంలా సాగుతుందన్న ఫిర్యాదు నిజమే, దానికి మందు విమర్శ.

ఈ పక్షపాతం పేరున్న కవినీ వదల్లేదు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అయినా ఆయన పేరెత్తితే మాట ‘గబ్బిలం’ దాటదు. అందుకే చర్చి బీరువాల్లో, పాత నోటుపుస్తకాల్లో ఉన్న నాటికల రాతప్రతులను ఈ పత్రికకు పంపండి. మిగతా రచనల్ని ఏ కొలతతో తూస్తామో వాటినీ అదే కొలతతో సమీక్షించి అచ్చువేస్తాం.