తెర ముందు దొరికిన దిర్హమ్

హీరో తెర మీద మొదటిసారి కనిపించగానే మనవాళ్ళు ఏం చేస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ముందు ఈలలు లేస్తాయి, తర్వాత కాయితం ముక్కలు లేస్తాయి, ఆ వెనకాలే చిల్లర లేస్తుంది. పావలాలు చెల్లే రోజుల్లో పావలాలు, అవి 2011లో చెల్లకుండా పోయాక రూపాయి బిళ్ళలు. అభిమానం కూడా ధరల్లాగే పెరగాలి కదా మరి!

సరే, ఇంతకీ ఆ చిల్లరంతా ఆట అయ్యాక ఏమవుతుంది? ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా ఊరు బసంత్‌నగర్ నుంచి బస్సెక్కి గోదావరిఖనిలో సినిమాకు వెళ్ళడమంటే మాకు పండగే. ఓరోజు మ్యాట్నీ అయిపోయి జనమంతా వెళ్ళిపోయినా నేనూ, మా దోస్తూ కుర్చీల కింద దూరి వెతుకుతున్నాం. చీపురు పట్టుకుని వచ్చిన తాత మమ్మల్ని చూడనే చూశాడు.

"ఏం దేవులాడుతున్నర్రా?"

"పైసలు తాతా..." నిజమే చెప్పాం.

తిడతాడనుకున్నాం. నవ్వాడు. రుమాలు ముడి విప్పి ఓ బిళ్ళ తీసి, "ఇగో, ఇది మన పైస గాదు బిడ్డా. షాపాయన తీసుకుంటలేడు. రెండో వరుస కుర్సీల కింద దొరికింది. నీకు గావాల్నా?" అన్నాడు.

మన రూపాయంత బిళ్ళ. మెరుస్తోంది. దాని మీద పొడుగాటి ముక్కున్న కూజా బొమ్మ. అక్షరాలు ఉర్దూలా ఉన్నాయి. అది కూజా కాదనీ, అరబ్బుల కాఫీ కెటిల్ అనీ, దాన్ని 'దల్లా' అంటారనీ, బిళ్ళ ఎమిరేట్స్ వాళ్ళ దిర్హమ్ అనీ తెలియడానికి నాకు నెల పట్టింది. ఎవరో అన్న దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఉంటాడు. సినిమాకొచ్చాడు. హీరో కనపడ్డాడు. జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి ఏ దేశం డబ్బు తగిలిందో చూసుకునే స్థితిలో ఉంటాడా చెప్పండి!

అలా మొదలైంది నాకీ పిచ్చి.

మా వైపు ఈ పిచ్చి పట్టడానికి పెద్దగా ఖర్చు కానక్కర్లేదు. పాత కరీంనగర్ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊళ్ళు తక్కువ. సెలవుకొచ్చే మనిషి నోట్లు మార్చుకుంటాడు గానీ, చిల్లరను మార్చేవాడు ఎక్కడా ఉండడు. ప్యాంటు జేబుల్లో, సూట్‌కేసు మూలల్లో మిగిలిపోయిన ఆ బిళ్ళలు చివరకు పిల్లల చేతికొస్తాయి. నేను బిస్కెట్ డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. కువైట్ బిళ్ళల మీద తెరచాప పడవ. సౌదీ బిళ్ళల మీద ఖర్జూరపు చెట్టు, దాని కింద రెండు కత్తులు. ఒమాన్ బైసా మీద మొన వంకర తిరిగిన బాకు. ఎమిరేట్స్ పావు దిర్హమ్ మీద జింక ఉంటుంది చూడండి, నన్నడిగితే అందరిలోకి అందగత్తె అదే! అర దిర్హమ్‌కు ఏడు మూలలు, దాని మీద నూనె బావుల గోపురాలు.

వాటి మీద అంకెలు చదవడం చాలా తేలిక, మీరూ నేర్చుకోండి. గుండ్రంగా మన సున్నాలా ఉంటే అది ఐదు. ఒట్టి చుక్క పెడితే అది సున్నా. ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటే ఏడు, దాన్నే బోర్లిస్తే ఎనిమిది. తొమ్మిది మాత్రం మనం రాసే తొమ్మిదే. నా దిర్హమ్ మీద రెండు ఏళ్ళున్నాయి. ఒకటి హిజ్రీ ఏడాది, రెండోది 1998.

అన్నట్టు, పాత సినిమాల్లో విలన్‌గారు పడవలో బంగారం బిస్కెట్లు దించే సీన్లు చూసే ఉంటారు. దాని వెనక అసలు కథ ఒకటుంది. ఒకప్పుడు గల్ఫ్‌లో చెల్లిందంతా మన రూపాయే! కువైట్‌లో, బహ్రెయిన్‌లో, ఖతార్‌లో, దుబాయ్‌లో బజారుకెళ్తే రూపాయలూ అణాలే. దొంగ బంగారానికి రూపాయలు కట్టలు కట్టలుగా అటు తరలిపోతుంటే తట్టుకోలేక, 1959లో మన ప్రభుత్వమూ రిజర్వు బ్యాంకూ గల్ఫ్ కోసమే వేరే రంగుల్లో నోట్లు అచ్చువేయాల్సి వచ్చింది. 1961లో కువైట్, 1965లో బహ్రెయిన్ సొంత దీనార్లు పెట్టుకున్నాయి. 1966లో మన రూపాయి విలువ తగ్గించగానే మిగతావాళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు. ఎమిరేట్స్ దిర్హమ్ పుట్టింది 1973లో. అంటే మన రూపాయి కోసం వాళ్ళు చెయ్యి చాచిన రోజులు పోయి, వాళ్ళ దిర్హమ్ కోసం మనం విమానం ఎక్కే రోజులు వచ్చాయన్నమాట.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను, వినండి.

పెద్దపల్లి దగ్గర మా అమ్మమ్మ ఊరు. అమ్మమ్మ వక్కాకు సంచిలో మూడు నల్లటి బిళ్ళలుండేవి. చెలకలో నాగలి దున్నేటప్పుడు దొరికాయట. వానాకాలంలో ఇలాంటివి బయటపడటం అక్కడ వింతేం కాదు. నా పిచ్చి చూసి ఒకటి నాకిచ్చింది. వేలి గోరంత బిళ్ళ. మట్టి పట్టి, గరుకుగా, ఒకవైపు పరీక్షగా చూస్తే తొండమెత్తిన ఏనుగు. దాని చుట్టూ ఏవో గీతలు. రెండోవైపు కూడిక గుర్తు, దాని నాలుగు కొసలకూ నాలుగు గుండ్రాలు.

నా దిర్హమ్ పక్కన అది ఎంత దరిద్రంగా కనపడిందో! చింతపండు పెట్టి తోమాను. చాలలేదని ఇటుక పొడి పెట్టి తోమాను. మెరిసింది. మెరిసేసరికి ఏనుగు సగం పోయింది, చుట్టూ ఉన్న గీతలు మొత్తం పోయాయి. ఇక ఇదెందుకులే అని మా దోస్తుకిచ్చి, వాడి దగ్గరున్న కువైట్ పడవ బిళ్ళ తీసుకున్నాను. మంచి బేరం కొట్టానని ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు నాకు.

డిగ్రీ చదివే రోజుల్లో హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్ళాను. వెళ్ళింది ఈజిప్టు మమ్మీని చూడటానికి, అబద్ధమెందుకు. తిరుగుతూ నాణేల వైపు వెళ్తే, అద్దం వెనక తొండమెత్తిన ఏనుగు! నాలుగు గుండ్రాల గుర్తు! పక్కన 'శాతవాహన' అని చీటీ. నేను ఇటుక పొడితో అరగదీసిన ఆ గీతలున్నాయే, అవి బ్రాహ్మీ అక్షరాలయి ఉండాలి. రాజు పేరు రాసేది అక్కడే మరి.

నా బిళ్ళ కచ్చితంగా అలాంటిదేనా? ఏ రాజుది? అది చెప్పగలిగే సాక్ష్యాన్ని నేనే చింతపండుతో కడిగేశాను.

తర్వాత చదివితే తెలిసింది, నేను సినిమా కోసం బస్సెక్కి దాటిపోయిన రోడ్డు పక్కన ఎంత కథ ఉందో. పెద్దపల్లి పక్కన పెద్దబొంకూరు ఉంది. 1968 నుంచి 1974 దాకా అక్కడ పురావస్తు శాఖ తవ్వింది. ఇటుక బావులు, కమ్మరి పనిముట్లు, వాటితో పాటు వేలకు వేలు శాతవాహన నాణేలు బయటపడ్డాయి. అంతేకాదు, రోమ్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలూ దొరికాయి. ఎక్కడి రోమ్, ఎక్కడి పెద్దబొంకూరు! మన మిరియాలకూ, సన్నబట్టలకూ, పూసలకూ రోమ్ డబ్బంతా కరిగిపోతోందనీ, ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియా మింగేస్తోందనీ ప్లినీ అనే పెద్దాయన ఆనాడే గగ్గోలు పెట్టాడు. నల్గొండ వైపు అక్కెనపల్లిలో అయితే ఒక్క కుండలోనే 1531 రోమన్ వెండి నాణేలు. మెదక్ వైపు కొండాపూర్‌లో ఇంకా తమాషా. టైబీరియస్ నాణేన్ని మట్టితో అచ్చు తీసి, పైన కొక్కెం పెట్టి, మెళ్ళో వేసుకున్నారు. అభిమాన హీరో బొమ్మ ఉన్న లాకెట్ వేసుకునే మన కుర్రాళ్ళు ఎవరికైనా గుర్తొచ్చారా?

సినిమా పత్రికలో రాస్తున్నాను గనక ఇంకొక్కటి చెప్పకపోతే నాకు తోచదు. మన ఊళ్ళలో ఒక హీరో పోస్టర్ మీద ఇంకో హీరో పోస్టర్ అంటిస్తే తలకాయలు పగులుతాయి కదా! ఈ పని ఆనాడే చేసిన ఘనుడు గౌతమీపుత్ర శాతకర్ణి. నహపానుడనే శక రాజును ఓడించాడు. ఓడించి, వాడి ముఖం ఉన్న వెండి నాణేలను కరిగించలేదు. వాటి మీదే తన గుర్తులు ఠపీమని గుద్దించాడు! 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 13 వేల పైచిలుకు నాణేల కుప్ప దొరికితే, అందులో 9 వేలకు పైగా ఇలా గుద్దినవే. నహపానుడి ముక్కు మీద శాతకర్ణి ముద్ర. ఇంతకన్నా పెద్ద ఇంటర్వెల్ బ్యాంగ్ ఏ డైరెక్టర్ తీశాడండీ?

ఇక కోటిలింగాల. గోదావరిలో పెద్దవాగు కలిసేచోట ఉందీ ఊరు, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. అక్కడ వాన పడితే మట్టి కొట్టుకుపోయి నాణేలు తేలతాయి. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మగారు వాటిని ఓపికగా సేకరించారు. నాలాగా తోమలేదు, బేరం పెట్టలేదు. శాసన పండితులు పరబ్రహ్మ శాస్త్రిగారు వాటిని చదివారు. గోబద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప... శాతవాహనులకన్నా ముందటివారని పండితులు చెప్పే రాజుల పేర్లు! ఏ పుస్తకంలోనూ లేనివాళ్ళు బొటనవేలంత బిళ్ళల్లోంచి లేచి వచ్చారు. వాటితో పాటు 'చిముక సాతవాహన' అన్న పేరూ దొరికింది. పురాణాలు మొదటి రాజుగా చెప్పే సిముకుడు ఇతనే అన్నారు. కాదు, వేరే అతను అని వాదించే పండితులూ ఉన్నారు. వాదించుకోనివ్వండి. ఆ అక్షరాలు చెరగకుండా ఉన్నాయి కాబట్టే కదా వాదన! తర్వాత కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనక నీళ్ళు ఆ ఊరి దాకా నిలుస్తున్నాయి.

నాణెం ఒక్కటే ఏమీ చెప్పదని నాకు ఇవన్నీ చదివాకే అర్థమైంది. అగస్టస్ వెండి నాణేలు ప్రపంచంలో ఎన్ని లేవు? పెద్దబొంకూరు మట్టిలో దొరికింది కాబట్టే దానికి ఆ విలువ. ఊరి పేరు ఊడిపోతే అది ఒట్టి వెండి ముక్క. పాత బిళ్ళలు ఎన్ని ఇత్తడి సామానుతో పాటు తూకానికి పోయాయో, పోతున్నాయో!

మీలో ఎవరికైనా పొలంలో ఇలాంటిది దొరికితే దయచేసి తోమకండి. చింతపండూ వద్దు, నిమ్మకాయా వద్దు, టూత్‌పేస్ట్ అసలే వద్దు. ఏ ఊళ్ళో, ఏ చేనులో, ఎంత లోతులో, పక్కన కుండ పెంకులేమైనా ఉన్నాయా అన్నది కాయితం మీద రాసి అందులోనే పొట్లం కట్టండి. దొరికిన సంగతి తహసీల్దారుకో కలెక్టరు ఆఫీసుకో చెప్పండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా బతికే ఉంది, భూమిలో దొరికినదాన్ని గుట్టుగా అమ్ముకుంటే తిప్పలు తప్పవు. దుబాయ్ చిల్లరకు మాత్రం ఏ బాధా లేదు, ఎంత కావాలంటే అంత దాచుకోండి.

పోయిన దసరాకు మా దోస్తుకు ఫోన్ చేశాను. వాడిప్పుడు కువైట్‌లోనే ఉన్నాడు.

"అరేయ్, ఆ ఏనుగు బిళ్ళ ఉన్నదా?"

"ఏ ఏనుగురా?"

గుర్తు చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. "మా అవ్వ పాత సామాను ఏసి స్టీలు బకీటు తీసుకున్నదిరా. అండ్లనే పోయినట్టున్నది" అన్నాడు. ఆ తర్వాత వాడే, "నీకు పడవ బిళ్ళలు గావాల్నంటే చెప్పు, ఈడ బొచ్చెడున్నయ్" అన్నాడు.

ఆ థియేటర్ తాత ఇచ్చిన దిర్హమ్ మాత్రం నా దగ్గరే ఉంది. దాన్ని ఈమధ్యే పొట్లం కట్టాను. మీద ఇలా రాశాను: 'ఎమిరేట్స్, 1 దిర్హమ్, 1998. దొరికిన చోటు: గోదావరిఖని, సినిమా హాలు, రెండో వరుస కుర్చీల కింద. మ్యాట్నీ.' ఆరోజు ఏ సినిమా అన్నది కూడా రాశాను. ఏ హీరో కోసం విసిరాడో మీకు చెప్తే రేపు రెండో హీరో అభిమానులు నాకు ఉత్తరాలు రాస్తారు!