ఆదివారపు సెలవు వెనుక ఒక చక్రవర్తి

కాలెండరులో ఎర్ర అంకె కంటబడగానే కలిగే ఉపశమనం ఉద్యోగులందరికీ అనుభవైకవేద్యమే. ఆ ఎరుపు ఆదివారం మీదనే ఎందుకు పడింది, గురువారం మీద ఎందుకు పడలేదు అని మాత్రం మనం సాధారణంగా ప్రశ్నించుకోము. ఈ మాసం మా శీర్షికకు ఆ ప్రశ్నే వస్తువు. సమాధానం కోసం క్రీ.శ. 321వ సంవత్సరానికి, రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కొలువుకు వెళ్లవలసి ఉంటుంది.

ఆ సంవత్సరం మార్చి నెలలో ఆయన ఒక శాసనం జారీ చేశాడు. పూజ్యమైన సూర్యదినాన న్యాయాధికారులు, నగరవాసులు, చేతివృత్తులవారు విశ్రాంతి తీసుకోవాలన్నది దాని సారాంశం. సేద్యగాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. విత్తనం చల్లడానికి, ద్రాక్షతీగ నాటడానికి అనువైన అదను తరచుగా ఆ రోజే రావచ్చు. దైవం ప్రసాదించిన ఆ అదను జారిపోకూడదని శాసనమే కారణం చెప్పింది. అంటే వారపు సెలవు పుట్టిన నాడే ‘అత్యవసర సేవలు’ అనే మెలిక కూడా పుట్టిందన్నమాట. ఆదివారం రాత్రి షిఫ్టుకు టిఫిన్ క్యారియర్‌తో బయలుదేరే సోదరులకు ఈ సంగతి తెలిస్తే కోపం వస్తుందో, నవ్వు వస్తుందో మేము చెప్పలేము. అదే సంవత్సరం జూలైలో మరొక ఉత్తర్వు వెలువడింది. సూర్యదినాన వ్యాజ్యాలు నడపడం తగదు గాని, బానిసలకు విముక్తి కలిగించే వ్యవహారాలు నిరభ్యంతరంగా జరుపుకోవచ్చునని దాని తాత్పర్యం.

మార్చి శాసనంలో క్రీస్తు పేరు లేదు. ‘సూర్యదినం’ అనే ఉంది. మన ఆదివారం కూడా ఆదిత్యవారమే కదా! ఆనాటి రోమనులలో సూర్యారాధన ప్రబలంగా ఉండేది. కాన్‌స్టాంటైన్ క్రైస్తవం వైపు మొగ్గిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు ఆయన నాణేలపై ‘అజేయ సూర్యుని’ ప్రతిమ కొనసాగింది. మరోవైపు క్రైస్తవులు క్రీస్తు పునరుత్థానం చెందిన దినంగా భావించి, అంతకు ఎంతో ముందు నుండే ఆ రోజున ప్రార్థనకు సమావేశమయ్యేవారు. ఒక్క ఉత్తర్వు ఇరువర్గాలకూ సమ్మతమయింది. ఇది భక్తియా, రాజనీతియా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. రెండింటినీ విడదీసి చూడడం ఆయన కాలపు మనుషులకు అలవాటు లేదని మా అభిప్రాయం.

కాన్‌స్టాంటైన్ నేటి సెర్బియాలోని నిష్ నగరంలో జన్మించాడు. 306లో బ్రిటన్‌లోని యార్క్ నగరాన, తండ్రి మరణించిన వెంటనే సైన్యం ఆయనను చక్రవర్తిగా ప్రకటించింది. 312 అక్టోబరు 28న రోము చెంత మిల్వియన్ వంతెన వద్ద ప్రత్యర్థి మాక్సెన్షియస్‌ను ఓడించాడు. ఆ యుద్ధానికి ముందు దైవసంకేతం లభించిందన్నది ప్రసిద్ధ కథ. లాక్టాంటియస్ దానిని స్వప్నమని రాశాడు. యుసేబియస్ ఆకాశంలో వెలుగు శిలువ అన్నాడు. ఏది నిజమన్న చర్చకన్నా తర్వాత జరిగినది ముఖ్యం.

అంతకు తొమ్మిదేళ్ల క్రితం, 303లో, చక్రవర్తి డయోక్లెటియన్ క్రైస్తవుల ప్రార్థనాలయాలను కూల్చివేయించి, గ్రంథాలను తగులబెట్టించాడు. 311లో గలేరియస్ మరణశయ్యపై నుండి ఆ హింసను ఆపుచేశాడు. 313లో మిలాన్‌లో కాన్‌స్టాంటైన్, తూర్పు ప్రాంతపు పాలకుడు లిసీనియస్ కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం అన్ని మతాలకూ స్వేచ్ఛ లభించింది. క్రైస్తవుల నుండి జప్తు చేసిన ఆస్తులు తిరిగి వారికే దక్కాయి. క్రైస్తవాన్ని రాజ్యమతం చేసినవాడు కాన్‌స్టాంటైన్ అని తరచుగా అంటుంటారు. అది పొరపాటు. ఆ పని 380లో థియోడోసియస్ చేశాడు. కాన్‌స్టాంటైన్ చేసినది ఆదరణ, పోషణ.

పోషణ వెంట చిక్కులు వచ్చాయి. మతగురువులకు పురపాలక బాధ్యతల నుండి ఆయన మినహాయింపు ఇచ్చాడు. ఆ బాధ్యతలు సొంత డబ్బుతో మోయవలసిన బరువులు. దానితో ఎందరో ధనికులకు హఠాత్తుగా దైవచింతన కలిగింది! చివరకు ఆ తరగతివారు గురుపదవి స్వీకరించకుండా కట్టడి చేస్తూ మరల ఉత్తర్వులు ఇవ్వవలసి వచ్చింది. రాయితీ ప్రకటించగానే అర్హులు ఎట్లా పెరిగిపోతారో పరిపాలనలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

అంతకంటె లోతైన చిక్కు ఉత్తర ఆఫ్రికాలో ఎదురయింది. హింసాకాలంలో భయపడి పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించినవారి చేతిమీదుగా జరిగిన బిషప్ నియామకం చెల్లదని డొనాటిస్టులు వాదించారు. తీర్పు చెప్పమని చక్రవర్తినే ఆశ్రయించారు. పదేళ్ల క్రితం న్యాయాధికారి కంటబడకుండా దాగిన సమాజం, తనలోని తగవును అదే ప్రభుత్వం ముందు పెట్టింది. 314లో ఆర్ల్ నగరంలో సభ జరిగింది. తీర్పు వారికి ప్రతికూలమయింది. వారు లొంగలేదు. సైనిక బలం ప్రయోగించినా ఫలితం లేకపోయింది. చివరకు, ఆదివారపు శాసనం వచ్చిన 321లోనే, కాన్‌స్టాంటైన్ వారిని దైవనిర్ణయానికి వదలివేశాడు.

ఆ అనుభవం తర్వాత కూడా 325లో నైసియా మహాసభకు తానే పిలుపునిచ్చాడు. నేటి టర్కీలోని ఇజ్నిక్ పట్టణమే ఆనాటి నైసియా. ఆ సభకు 2025లో 1700 ఏళ్లు నిండాయి. దూర ప్రాంతాల బిషప్పులు సర్కారీ గుర్రాలు, బండ్ల మీద వచ్చారు. ఆయన కుమారుని హయాంలో ఈ సభా ప్రయాణాలు ఎంత ఎక్కువయ్యాయంటే, వీటి వల్ల సర్కారీ రవాణా వ్యవస్థ నడుము విరిగిందని చరిత్రకారుడు అమ్మియానస్ ఎత్తిపొడిచాడు. క్రీస్తు తండ్రితో సమానుడు కాడని, సృష్టింపబడినవాడని బోధించిన ఏరియస్ వాదాన్ని నైసియా సభ తిరస్కరించింది. ఈస్టర్‌ను అందరూ ఒకే దినాన జరుపుకోవాలని నిర్ణయించింది. ఏరియస్‌కు చక్రవర్తి దేశబహిష్కారం విధించాడు. కొన్నేళ్లకు మనసు మార్చుకొని వెనుకకు పిలిపించాడు. ఆపైన, 335లో, ఏరియస్‌కు ప్రబల విరోధి అయిన అతనేసియస్‌ను గాల్ దేశంలోని ట్రియర్‌కు పంపివేశాడు. సిద్ధాంతం బిషప్పులదే గాని, ఎవరు ఏ ఊరిలో ఉండాలన్నది మాత్రం రాజు చేతిలోకి వెళ్లింది. తర్వాతి శతాబ్దాలలో ఐరోపా రాజులు, మతాధిపతులు పడిన ఘర్షణలెన్నింటికో బీజం ఇక్కడే ఉన్నదని మేము భావిస్తున్నాము.

వ్యక్తిగా ఆయన మచ్చలేనివాడు కాడు. 326లో పెద్ద కుమారుడు క్రిస్పస్‌ను చంపించాడు. భార్య ఫౌస్టా కూడా ఆ సంవత్సరమే బలి అయింది. బాప్తిస్మం స్వీకరించినది 337లో, మరణానికి కొద్దికాలం ముందు మాత్రమే. ఇచ్చినవాడు ఒకప్పుడు ఏరియస్ పక్షం వహించిన నికోమీడియా బిషప్పు. అయినా తూర్పు క్రైస్తవ సంప్రదాయం ఆయనను అపొస్తలులతో సమానుడైన పునీతునిగా కొలుస్తుంది. పశ్చిమాన ఆయన పేరిట ఒక దొంగ దానపత్రమే పుట్టింది. రోముతో సహా పశ్చిమ భూభాగాలపై అధికారాన్ని పోపుకు ధారపోసినట్లున్న ఆ పత్రాన్ని, అందులోని లాటిన్ భాష ఆ కాలపుది కాదని చూపి, 1440లో లొరెంజో వల్లా బట్టబయలు చేశాడు.

ఆదివారం మాత్రం నిలిచింది. దానిని తుడిచివేయడానికి గట్టి ప్రయత్నాలే జరిగాయి. ఫ్రెంచి విప్లవకారులు 1793లో పదిరోజుల వారం ప్రవేశపెట్టారు. ఏడింట ఒకటిగా ఉన్న విశ్రాంతి పదింట ఒకటి కావడంతో శ్రామికులు సంతోషించలేదు. 1806 జనవరి 1 నుండి ఆ కాలెండరే రద్దయింది. 1929లో సోవియట్ ప్రభుత్వం యంత్రాలు ఒక్క రోజు కూడా ఆగకూడదని ఐదురోజుల వారం తెచ్చి, కార్మికులను ఐదు రంగుల గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క రోజు సెలవు ఇచ్చింది. భర్త ఇంట ఉన్ననాడు భార్య మిల్లులో ఉండేది. రెండేళ్లకు ఆరురోజుల వారం వచ్చింది. 1940లో మళ్లీ ఆదివారమే వచ్చింది.

మన దేశంలో ఆంగ్లేయుల కచేరీలతో ఆదివారపు సెలవు వచ్చింది గాని, మిల్లు కార్మికునికి అది ఊరికే దక్కలేదు. బొంబాయిలో జ్యోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడిన మీదట 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవుకు అంగీకరించారు. మరాఠా ప్రాంతంలో ఆదివారం ఖండోబాకు ప్రీతికరమైన దినం. మన కొమురవెల్లి మల్లన్న జాతరకు కూడా ఆదివారాలే ముఖ్యం. 2005లో తపాలా శాఖ లోఖండే పేరిట ఒక బిళ్లను విడుదల చేసింది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షను వారపు మొదటి దినాన్ని సెలవుగా నిర్దేశించింది. ఆ రోజు పని చేయించుకొంటే, దానికి ముందు మూడు రోజులలో గాని తర్వాత మూడు రోజులలో గాని ఒక పూర్తి దినం సెలవు ఇచ్చి తీరాలన్నది. అదను పేరు చెప్పి పొలానికి పంపిన సేద్యగానికి కాన్‌స్టాంటైన్ శాసనం బదులు దినమేదీ ఇవ్వలేదు.