చురుకైన చదువరి చేతికి ఏ నవల?

ప్రతి పాఠశాలలోను తరగతికి ఇద్దరో ముగ్గురో పిల్లలు తెలుగు వాచకాన్ని మొదటి నెలలోనే ముగించి కూర్చుంటారు. నాలుగు, అయిదు, ఆరు తరగతులలోని ఈ పిల్లలు పెద్దల పత్రికలను సైతం ధారాళంగా చదువగలరు. వారిని చూచి ఉపాధ్యాయులు సంతోషిస్తారు, వార్షికోత్సవంలో ఒక బహుమతి ఇస్తారు, అంతటితో బాధ్యత తీరినదనుకొంటారు. ఆ తరువాత వారి చేతికి ఏ పుస్తకం ఇవ్వాలన్న ఆలోచన అరుదు. తీరని ఆకలి కొంతకాలానికి చచ్చిపోతుంది. ఎనిమిదవ తరగతికి చేరేసరికి ఆ పిల్లలలో పలువురు గైడు తప్ప మరొక పుస్తకం ముట్టరు. పుస్తకాల దుకాణమంటే నోటుపుస్తకాల దుకాణమే అయిన నార్కట్‌పల్లి వంటి ఊళ్లలో ఈ నష్టం మరింత త్వరగా జరుగుతుంది.

ఇట్టి పిల్లలను ఆరుగురినో ఎనమండుగురినో ఒకచోట కూర్చి, నెలకొక నవల చదివించి, వారానికొకనాడు దానిపై మాట్లాడించడం మంచి మార్గమని నా అభిప్రాయం. బృందాన్ని కూర్చడం కష్టం కాదు. నవలను ఎన్నుకోవడంలోనే చిక్కంతా ఉన్నది.

సాధారణంగా పెద్దలు రెండు విధాల తప్పుదారి పడుతుంటారు. పిల్లవాడు బాగా చదువుతాడు గదా అని పెద్దల నవల చేతికివ్వడం మొదటిది. పదాలను చదువగలగడం వేరు, ఆ పదాల వెనుకనున్న జీవితాన్ని అందుకోగలగడం వేరు. మన నకిరేకల్లు ప్రాంతంలో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’ 1955లో వెలువడినది. నిజాం కాలపు తెలంగాణ పల్లెను, దేశముఖు పెత్తనాన్ని, మతమార్పిడులను చిత్రించిన గొప్ప నవల అది. పదకొండేళ్ల తెలివైన బాలిక దానిని తడబడకుండా చదివివేయగలదు. కాని వెట్టి అంటే ఏమిటో, మతం మారవలసినంత అవమానం ఏమిటో తెలియని వయసులో ఆ నవల కేవలం సంఘటనల పట్టికగా మిగిలిపోతుంది. దానిని హైస్కూలు చివరి తరగతులకు ఉంచుదాం. వంటపని చేస్తూ చదువుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ఊరూరా పుస్తకాలు మోసిన ఆళ్వారుస్వామి గారి జీవితకథను మాత్రం ఇప్పుడే చెప్పవచ్చు.

నీతి కోసమే వ్రాసిన పుస్తకాన్ని ఏరికోరి ఇవ్వడం రెండవది. నీతి ముందే తేలిపోయిన చోట పిల్లలు మాట్లాడుకొనేందుకు ఏమీ మిగలదు. మాష్టారు ఏ సమాధానం కోరుతున్నారో ఊహించి అదే చెప్పి ఊరుకొంటారు.

ఇక ఎన్నుకోవలసినది ఎట్టి నవలను? చదివిన పిల్లలు రెండు పక్షాలుగా చీలి, ఇరువైపులా న్యాయంగా వాదించుకోగల ప్రశ్న ఏ నవలలో ఉన్నదో ఆ నవలను. ఇదే నా కొలత. మార్క్ ట్వేన్ 1881లో వెలువరించిన నవలను నండూరి రామమోహనరావు గారు ‘రాజు-పేద’ పేరిట తెలుగు చేశారు. ఒకే పోలికగల రాకుమారుడు, బిచ్చగాడు దుస్తులు మార్చుకొంటారు. చిరుగుపాతలు కట్టిన రాకుమారుని మాట ఎవరూ నమ్మరు. పట్టుబట్టలు కట్టిన పేదవాని మాట అందరూ శిరసావహిస్తారు. మనుషులు గౌరవించేది మనిషినా, బట్టనా? ఈ ప్రశ్నకు మన పిల్లలు లండను వరకు పోనక్కరలేదు. తమ వీధిలోనే నిదర్శనాలు చూపగలరు. స్టీవెన్‌సన్ 1883 నాటి నవలకు అదే రచయిత చేసిన అనువాదం ‘కాంచనద్వీపం’. అందులోని ఒంటికాలి సిల్వరు దొంగల నాయకుడే, అయినా బాలుడైన జిమ్ పట్ల అతనికి నిజమైన ఆప్యాయత కనిపిస్తుంది. అతడు మంచివాడా, చెడ్డవాడా? గంటసేపు తెగని వాదమిది.

ఉర్దూ వైపు చూస్తే, డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన ‘మిరాతుల్ ఉరూస్’ ఉన్నది. తన కుమార్తెల చదువు కోసం ఆయన వ్రాసిన ఆ నవలలో అక్బరీ గడుసు పిల్ల, చెల్లెలు అస్గరీ సద్గుణవతి. రచయిత తీర్పు స్పష్టమే. ఇది నీతి పుస్తకం కాదా అని మీరు అడుగవచ్చు. అవును, కాని కాలం దానిని చర్చనీయం చేసినది. అత్తవారింట వేరుకాపురం కోరిన అక్బరీ అంత దోషియా అని నేటి బాలికలు అడిగి తీరుతారు. అడగనివ్వాలి. పెద్ద గ్రంథకర్తతోనైనా మర్యాదగా విభేదించవచ్చునని నేర్చుకోవడమే ఇట్టి చర్చకు పరమప్రయోజనం. భాష పాతది కనుక ఉర్దూ వచ్చిన పిల్లలు ఒక్కొక్క ఘట్టాన్ని చదివి, తెలుగు మిత్రులకు తమ మాటలలో చెప్పాలి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లవాడు తరచు రెండింటిలోను వెనుకబడినవానిగా పరిగణింపబడుతున్నాడు. ఈ బృందంలో అతడే దుబాసీ, అతడే పెద్ద.

తెలుగులో పిల్లలకు తగిన నవలలు లేవనడం సరికాదు. ముళ్ళపూడి వారి ‘బుడుగు’ను బిగ్గరగా చదివించి, అందులోని కోస్తా పలుకుబడిని మన నల్లగొండ పలుకుబడితో పోల్చి చూడమనండి; భాషాపాఠం దానంతటదే సాగుతుంది. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం ప్రారంభమైన 2010లోనే కలువకొలను సదానంద గారి నవల ‘అడవితల్లి’ దానిని అందుకొన్నది.

ప్రతులు చాలవని వెనుకాడనక్కరలేదు. ఒక్క ప్రతి ఉన్నా ఒకరు చదువగా మిగిలినవారు వినవచ్చు. ఉపాధ్యాయుడు ముందుగా నవలను పూర్తిగా చదివి ఉండాలి. చర్చలో తన అభిప్రాయాన్ని చివరకు దాచుకోవాలి. ఈ రెండు నియమాలు చాలు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు రెండూ ఉన్నవి. ఒక్కొక్క శాఖ నుండి ఒకరు చొప్పున ఇద్దరు కలిసి, శనివారం సాయంత్రం ఒక గంట సమీపంలోని ప్రాథమిక పాఠశాలకు వెళ్లగలిగితే ఇట్టి బృందం ఏర్పడుతుంది. మన గ్రంథాలయపు బీరువాలో మూలుగుతున్న నవలలు ఎనిమిదిమంది పిల్లల నోట వాదమై మ్రోగుతాయి. వచ్చే విద్యాసంవత్సరం మొదటి శనివారమే ఇందుకు శుభారంభం కావాలని నా ఆకాంక్ష.