గుడ్డల కొట్లో

పిల్లలూ! పోయిన నెల గుండీ కుట్టడం నేర్చుకున్నారు గదా! ఈ నెల ఏకంగా పరికిణీ గుడ్డ కొనడానికి బజారుకే పోదాం. నవ్వకండి. కుట్టడం కంటే కొనడమే కష్టం. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కొట్టాయన ఒకసారి కత్తెర వేశాడా, ఆ గుడ్డ ఇక మనదే!

ఆ సంగతి నాకు పదేళ్ళప్పుడే తెలిసివచ్చింది. మా బడి వార్షికోత్సవానికి ఎనిమిదిమందిమి కోలాటం వేయాలి. అందరికీ చిలకపచ్చ పరికిణీలు ఉండాలన్నారు పంతులమ్మగారు. నాన్న లెక్క చూసుకుని, చూసుకుని డబ్బిచ్చాడు. అమ్మా నేనూ దీపాలు పెట్టేవేళ కొట్టుకు వెళ్ళాం. అక్కడ చిలకపచ్చగా మెరిసిన గుడ్డ తెల్లారి వాకిట్లో పరిచి చూద్దుము గదా, నెమలికంఠం రంగు! సరే పొమ్మని కుట్టించాం. అభ్యాసంలో మట్టి అయిందని అమ్మ ఉతికి ఆరేసింది. ఆరాక కట్టుకుంటే చీలమండలు కప్పవలసిన పరికిణీ నాలుగు వేళ్ళు పైకి పోయింది. నేను ఒకటే ఏడుపు. మళ్ళీ కొనడానికి ఇంట్లో డబ్బు లేదు. ఆ రాత్రి అమ్మ తన పాత చీర అంచు కోసి కింద అతికింది. కోలాటంలో నన్ను వెనక వరసలో నిలబెట్టారు.

ఆ కొట్టాయన మోసగాడేమీ కాదు. మేమే చూడవలసింది చూడలేదు.

ముందు రంగు మాట. రంగు గుడ్డలోనే లేదర్రా, గుడ్డ మీద పడే వెలుగులో కూడా ఉంది. ఎండలో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. ఆనాటి తీగ బల్బుల వెలుగులో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ, నీలం పాలు తక్కువ. అందుకని నీలం కలిసిన పచ్చ అక్కడ ఉత్త పచ్చగా కనబడింది. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాలు తెల్లగానే ఉన్నా, వాటిలోనూ రంగుల పాళ్ళు ఎండలో ఉన్నట్టు ఉండవు. కనుక పగలే వెళ్ళండి. గుడ్డ కొసను గుమ్మం దాకా తీసుకుపోయి చూస్తామని అడగండి. ఎవరూ కాదనరు.

మరి గుడ్డ పొట్టి ఎందుకయింది? మగ్గం మీద పడుగు దారాలను బిగలాగి కట్టి నేస్తారు. ఆ బిగువు నేశాక కూడా గుడ్డలో ఉండిపోతుంది. నీళ్ళు తగలగానే నూలు ఉబ్బి, లాగిన దారం తన మామూలు పొడుగుకు వచ్చేస్తుంది. పేక కంటే పడుగు బిగువు ఎక్కువ గనుక గుడ్డ పొడుగులోనే ఎక్కువ తగ్గుతుంది. మంచి నూలు గుడ్డ నూటికి మూడో, అయిదో పోవచ్చు. గంజి దట్టించిన నాసిరకం ఇంకా ఎక్కువే పోతుంది. గుడ్డ మూలను రెండు వేళ్ళ మధ్య గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలిందా, మీరు గంజికి డబ్బిస్తున్నారన్నమాట! ఏ నూలు గుడ్డయినా కుట్టే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానేసి నీడన ఆరేయాలి.

ఇక అసలు కిటుకు పన్నాలో ఉంది. పన్నా అంటే గుడ్డ వెడల్పు. మీ పరికిణీకి నడుము నుంచి చీలమండ దాకా 75 సెంటీమీటర్లు, మడతలకు 13 కలిపి 88 కావాలనుకుందాం. ఒక కొట్లో 90 సెంటీమీటర్ల పన్నా గుడ్డ మీటరు 80 రూపాయలు. పక్క కొట్లో 112 సెంటీమీటర్ల పన్నాది 90 రూపాయలు. ఏది చవక? తొందరపడకండి. చిన్న పన్నా గుడ్డను అడ్డంగా తిప్పి కుట్టాలి, ఘేరుకు రెండున్నర మీటర్లు పడుతుంది. అంటే 200 రూపాయలు. (గుడ్డ మీద నిలువు పువ్వులుంటే అవి కాస్తా పడుకుంటాయి!) పెద్ద పన్నాదయితే 88 చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన కలిపితే ఘేరు 224 సెంటీమీటర్లు వస్తుంది. కుచ్చిళ్ళు ఒకటి రెండు తగ్గుతాయి, అంతే. తగ్గే పాలు కూడా కలుపుకుని 1.9 మీటర్లు కొంటే 171 రూపాయలే!

మీ బామ్మగారు "రెండు గజాలు" అంటే రెండు మీటర్లు తెచ్చేయకండి. మన దేశంలో మీటరు లెక్కకు చట్టం 1956లో వచ్చింది గాని, గజం ఇంకా నోళ్ళలో ఉంది. గజమంటే 91.44 సెంటీమీటర్లు. రెండింటికి పదిహేడు సెంటీమీటర్ల తేడా.

చవకగా దొరికేది ఎక్కడ? తాను చివర మిగిలిన ముక్కలను కట్‌పీసులని గుట్టపోసి అమ్ముతారు. 1.9 మీటర్ల ముక్క కావాలని ముందే తెలిసినవాళ్ళకు అది గని. అయితే ముక్కను పూర్తిగా విప్పించి వెలుగుకు పట్టి చూడండి. చిల్లులూ, తెగిన పోగులూ, మడత దగ్గర వెలిసిన రంగూ అప్పుడే బయటపడతాయి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు గనుక కొట్లు ధర తగ్గిస్తాయి. అదీ మంచి అదనే. విజయవాడ వస్త్రలత వంటి టోకు బజారులో చాలామంది తానుల లెక్కనే అమ్ముతారు, ఒక్క పరికిణీకి కోసి ఇవ్వరు. అలాంటి చోటికి నలుగురూ కలిసి పోవాలి. మా ఎనిమిదిమందీ కలిసి ఒకే తాను కొని ఉంటే ధరా తగ్గేది, రంగూ ఒకటే అయ్యేది! అప్పుడు ఎవరికీ తోచలేదు.

మగ్గం గుడ్డ కావాలంటే మంగళగిరి, చీరాల, అద్దకం కావాలంటే పెడన. ఆ ఊళ్ళ దగ్గరివాళ్ళు అదృష్టవంతులు. దూరంవాళ్ళు అమ్మ పెట్టె తెరవండి. అయిదున్నర మీటర్ల పాత చీరలో చిరిగిన చోటు పోగా ఒక పరికిణీకి తప్పక వస్తుంది. అయితే అమ్మనడిగి!

ఈ నెల టేపుతో మీ నడుమూ పొడుగూ కొలిచి కాగితం మీద రాసిపెట్టుకోండి. కత్తెర మాత్రం ఇప్పుడే పట్టకండి. అది వచ్చే నెల.