‘నేడు వద్దు’ అనగల గురువు

పూర్వము అరబ్బు నావికులు సముద్రముపై ఓడకు దారి చూపువానిని ‘ముఅల్లిం’ అని పిలిచెడివారు. ఆ మాటకు అర్థము నేర్పువాడు, అనగా ఉపాధ్యాయుడు. ఉర్దూలోని ‘ఇల్మ్’, ‘తాలీమ్’ అను మాటలును, మన ఊళ్ళలో కుస్తీ నేర్పు ‘తాలింఖానా’యును ఆ ధాతువు నుండి పుట్టినవే. తమిళులు నావికుని ‘మాలుమి’ అనుటకును మూలమదియే. మన తెలుగు ‘చుక్కాని’ సైతము అరబ్బీలోని ‘సుక్కాన్’ నుండి వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. తెలుగును ఉర్దూను ప్రక్కప్రక్కన చదువుకొను మన కళాశాలలో ఈ మాటల చుట్టరికము తెలిసియుండుట మంచిది. ఓడను నడిపించువానికిని, పాఠము చెప్పువానికిని ఒకే పేరు ఊరక రాలేదని మా అభిప్రాయము.

నేడు వెచ్చని సముద్రతీరములు అనేకములందు యాత్రికులకు తెరచాప పడవ నడుపుట నేర్పు తరగతులు జరుగుచున్నవి. కరీబియన్ సముద్రములోని బ్రిటిష్ వర్జిన్ దీవులు, థాయిలాండులోని ఫుకెట్, మన దేశమున గోవా ఇందుకు ఉదాహరణములు. సెలవులకు వచ్చినవారు రెండు మూడు దినములలోనో, వారము దినములలోనో కొంత విద్య నేర్చి, ఒక ధ్రువపత్రము పుచ్చుకొని ఇండ్లకు పోవుదురు. ఇది తప్పని మేము అనము. పడుకొని ఎండ కాచుకొనుటకంటె ఒక విద్య నేర్చుకొనుట ఎప్పుడును మేలు. అయితే ఒక ప్రశ్న మాత్రము మమ్ము వేధించుచున్నది. ఆ తరగతిలో నేర్పువాడు గురువా? లేక సెలవు వినోదమునకు కుదుర్చుకొన్న పనివాడా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో తోచినది కాదు. గోవా ఇసుకలో, మా తప్పు వలననే తోచినది.

కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతి సెలవులలో మేము మరి ఇద్దరు సహోద్యోగులతో కలిసి దక్షిణ గోవాకు పోయి, మూడు దినముల తరగతిలో చేరితిమి. మాకు నేర్పినవాడు ఇరువది నాలుగైదేండ్ల యువకుడు. వారిది ఖార్వీ కుటుంబము, తరతరాలుగా చేపలవేట వారి వృత్తి. అతని మాట కొంకణీ కలిసిన హిందీ, మాది దక్కనీ ఉర్దూ. అయినను ఒకరి మాట ఒకరికి చక్కగా తెలియుచుండెను. మొదటి దినమున ప్రాణరక్షణ కవచము కట్టుకొనుట, త్రాడు ముడులు, గాలి వచ్చు దిక్కును చెంపపై గుర్తించుట నేర్పెను. రెండవ దినమున పడవను కావలెననియే తలక్రిందులు చేయించి, దాని అడుగున నిలువుగా ఉండు పలకపై కాలు మోపి తిరిగి లేపుట నేర్పెను. గాలి వెనుక నుండి వచ్చునపుడు తెరచాప క్రింది దూలము ఒక్కసారిగా ఇటు నుండి అటు విసురుకొని వచ్చును; తల వంచనివానికి పుర్రె పగులునని నాలుగైదు మార్లు హెచ్చరించెను. తరగతిలో నలుబదిమందిని కూర్చుండబెట్టుకొను మాకు ఆ బోధనలోని క్రమము చూచి అసూయ కలిగినది.

మూడవ దినమున మేము స్వయముగా పడవ నడుపవలసియుండెను. ఉదయమున సముద్రము పళ్ళెములోని నీటివలె నిశ్చలముగా ఉన్నది. ఆ యువకుడు చాలసేపు దూరముగా చూచి, “సర్, నేడు వద్దు” అనెను. మేము కారణమడిగితిమి. గాలి భూమి మీది నుండి సముద్రము వైపునకు వీచుచున్నదనియు, వెంట రావలసిన ఇంజను పడవ మరమ్మతులో ఉన్నదనియు చెప్పెను. మాకది సాకుగా తోచినది. రుసుము చెల్లించితిమనియు, మరునాడు మా రైలనియు చెప్పి, ఆ సంస్థ యజమాని వద్ద ఫిర్యాదు చేసితిమి. యజమాని ఒడ్డు ప్రక్కననే తిప్పుమనెను. యువకుడు తల అడ్డముగా ఊపి, పడవను ఇసుకపైకి లాగివేసెను. మాకు ఆ దినపు రుసుము తిరిగి వచ్చినది. అది అతని కూలిలో నుండి కోయబడినదని సాయంకాలమున తెలిసినది.

పాఠకులు ఇచ్చట ఒక తుపానును ఎదురుచూచుచుండవచ్చును. తుపాను రాలేదు. సాయంకాలము వరకు సముద్రము అట్లే నిశ్చలముగా ఉన్నది. అయినను అతడు చెప్పినదే సత్యము. భూమి నుండి వీచు గాలిలో ఒడ్డు దగ్గర అలలు లేవవు. కనుక నేర్చుకొనువానికి భయము తోచదు. దూరము పోయినకొలది గాలి బలము హెచ్చును. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోజాలదు. సుమారు 45 డిగ్రీల కోణములో కొంత కుడికి, కొంత ఎడమకు మరలుచు వంకరదారిని రావలెను. ఆ విద్యయే మాకింకను పట్టుబడలేదు. ఎదురు రాలేనివానిని అట్టి గాలి మెల్లగా నడిసముద్రమునకు కొనిపోవును. వెంట ఇంజను పడవ లేనియెడల పిలిచినను పలుకువారుండరు. ప్రమాదము జరుగకపోవుట వలన హెచ్చరిక అబద్ధము కాదు. ఇంత చిన్న తర్కము ఆ దినమున ముగ్గురు అధ్యాపకులకు తోచకపోవుట మాకిప్పటికిని సిగ్గు కలిగించుచున్నది.

ఈ తరగతులు వెచ్చని నీళ్ళలో వృద్ధిపొందుటకు కారణము సులభముగా ఊహింపవచ్చును. చన్నీటి సముద్రమున పడినవానికి ఆ చలి దెబ్బకే ఊపిరి పట్టు తప్పును. వెచ్చని నీటిలో పడినవాడు నవ్వుచు లేచి మరల పడవ ఎక్కును. నేర్చుకొనువాడు పదిమార్లు పడవలసినవాడే గనుక ఇది గొప్ప అనుకూలము. కాని ఆ వెచ్చదనమే మనిషిని ఏమరుపాటునకు గురి చేయును. పైగా తుపానులకు బలమిచ్చునదియు ఆ వెచ్చదనమే. నీటి వేడిమి సుమారు 26.5 డిగ్రీలకు మించిన సముద్రములందే సాధారణముగా అవి పుట్టునని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. బ్రిటిష్ వర్జిన్ దీవులలో యాత్రికులకు అద్దెకిచ్చు తెరచాప పడవలు 2017 సెప్టెంబరు 6న వచ్చిన ఇర్మా తుపానులో గుట్టలు గుట్టలుగా ధ్వంసమైనవి. మన విశాఖపట్నము 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దెబ్బ తిన్నది. యాత్రికుని పిలుచు సముద్రమును, ప్రాణము తీయు సముద్రమును ఒక్కటే. ఆ రెంటికిని నడుమ నిలుచువాడు నేర్పువాడు మాత్రమే.

పూర్వుల నావికావిద్యలో సగభాగము వేచియుండుటయే. ఉర్దూలో మనము నిత్యము పలుకు ‘మౌసమ్’ అను మాట అరబ్బు నావికులకు ఓడలు బయలుదేరదగిన కాలమును తెలుపు మాట. ఆంగ్లేయుల ‘మాన్‌సూన్’ దాని నుండియే పుట్టినది. పదునైదవ శతాబ్దమునకు చెందిన ప్రసిద్ధ ముఅల్లిం అహ్మద్ ఇబ్న్ మాజిద్ తన గ్రంథమున నక్షత్రములను, దిక్కులను గూర్చి మాత్రమే గాక, ఏ రేవు నుండి ఏ కాలమున బయలుదేరవలెనో కూడ వివరించెను. గోల్కొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము నుండి ఎర్రసముద్రపు మోఖా రేవునకు పోయిన ఓడలును ఈ కాలనియమమునకు లోబడినవే. సరకుల యజమాని ఎంత ధనికుడైనను గాలిని కొనలేడు.

యాత్రికులు స్థానికుల వద్ద నేర్చుకొనుటయు క్రొత్త కాదు. 1498లో వాస్కో డ గామా ఆఫ్రికా తీరమునందలి మలింది నుండి కాలికట్టునకు వచ్చినది అచ్చట దొరికిన ఒక మార్గదర్శి సహాయముననే. ఆ మార్గదర్శి ఎవరను విషయమున చరిత్రకారులలో వివాదమున్నది. వచ్చినవాని పేరు ప్రతి పాఠ్యపుస్తకమున ఉన్నది. దారి చూపినవాని పేరు నిలువలేదు. గోవాలో మాకు నేర్పిన యువకుని తలచుకొన్నపుడెల్ల మాకీ సంగతి స్ఫురించుచుండును. మూడు దినములు అతని చేతిక్రింద ఉండియు, మేము అతని ఇంటిపేరు అడుగలేదు.

మన తెలుగువారికి ఈ విషయమున సంబంధము లేదని తలచరాదు. పూరీ తీరమున స్నానమునకు వచ్చు యాత్రికుల చేయి పట్టుకొని, ఏ అలకు తల వంచవలెనో, ఏ అలపై లేవవలెనో చెప్పు ‘నూలియాలు’ మన తెలుగు జాలరులే. యాత్రికునికి సముద్రమును నేర్పు పని వారు తరతరములుగా చేయుచునే యున్నారు. మన తీరపు తెప్పకు చుట్టమైన తమిళుల ‘కట్టుమరము’ పేరే నేడు లోకమంతట రెండు దోనెల తెరచాప పడవకు పేరైనది. పేరు ఇచ్చినవారి బిడ్డలకు ఆ పడవపై గురుస్థానము దొరకవలదా?

జాలరి యువకులకు చేపల వేటయే గాని ఈ క్రొత్తరకము పడవల విద్య తెలియదని కొందరు ఆక్షేపింతురు. ఇది కొంతవరకు నిజము. పైగా తెప్పలకు ఇంజనులు వచ్చిన పిదప తెరచాప విద్య వారిలోనే సన్నగిల్లుచున్నది. సముద్రపు ఒడ్డున పుట్టినంతమాత్రమున ఎవడును గురువు కాడు. పరీక్షయు శిక్షణయు కావలెను. కాని నేర్పిన వచ్చు విద్యనే లేదనుట న్యాయము కాదు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ నీటిపై ప్రభుత్వ పాఠశాలల పేదపిల్లలు తెరచాప పడవ నేర్చి జాతీయస్థాయి పోటీలలో గెలిచిన సంగతి మనకు తెలియును. సముద్రము ఎరుగని ఆ పిల్లలకు సాధ్యమైనది సముద్రము ఒడిలో పెరిగినవారికి అసాధ్యమా? ప్రాణరక్షణ, పడవ నడకల యందు శిక్షణనిచ్చు జాతీయ జలక్రీడల సంస్థ గోవాలోనే యున్నది. తీరపు యువకులను పిలిచి, వేతనమిచ్చి నేర్పినయెడల వారి పూర్వజ్ఞానమునకు శాస్త్రము తోడగును.

అయితే ధ్రువపత్రము మాత్రమే చాలదు. నేర్పువానికి ‘నేడు వద్దు’ అను అధికారము కావలెను. ఆ మాట తుది మాట కావలెను. ఆ మాట అన్నందుకు అతని కూలి కోయరాదు. యాత్రికుడు రుసుము చెల్లించునపుడే ఈ నియమమును చదివి సంతకము చేయవలెను. తెరచాప ముట్టుటకు ముందు, మొదటి పాఠముగా ఆ తీరపు గాలులను, వలలు వేయు తావులను, ఋతువులను చెప్పవలెను. జాలరుల వలలపై పడవ తోలి, సముద్రము నేర్చితిమనుకొని పోవు యాత్రికుడు ఏమియు నేర్వలేదనియే మేము తలంతుము.

విద్యను వస్తువుగా అమ్ము ఈ కాలమున ఈ నియమము పడవలకు మాత్రమే సంబంధించినది కాదు. రుసుము కట్టితిమి గనుక ఉత్తీర్ణులను చేయుడని అడుగు విద్యార్థులను, వారికి వంతపాడు తల్లిదండ్రులను మేము ఎరుగుదుము. అట్టివారిపై కోపగించిన మేమే, గోవా ఇసుకలో అట్టి విద్యార్థులమైతిమి. కొనుగోలుదారుని సంతోషపెట్టువాడు వర్తకుడు. శిష్యుని ఒడ్డు చేర్చువాడు గురువు. ఈ రెంటిలో ఏదో ఒకదానిని ఎన్నుకొనవలసిన దినము ప్రతి ఉపాధ్యాయునికి వచ్చును. ఆ యువకునికి ఆ ఉదయమున వచ్చినది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఉద్యోగములు చేసి, సెలవులకు సముద్రతీరములకు పోవుదురు. తప్పక పొండు. తెరచాప త్రాడు చేతబట్టి గాలి బలమెంతో తెలిసికొనుడు. కాని మీకు నేర్పువాని పేరు ముందుగా అడిగి తెలిసికొనుడు. అతడు వద్దన్న దినమున పడవను ఇసుకపైకి లాగుటలో అతనికి ఒక చేయి వేయుడు. ఆ దినమున మేము చేయనిది అదియే.